మోగని ముసలమ్మ

నాగావళి గట్టు పక్కనున్న పార్కుకి గణపతిరావు సూపర్‌వైజరు. పొద్దున్న ఐదున్నరకి గేటు తాళం తీస్తాడు. కుళాయిలు కారుతున్నాయేమో చూస్తాడు. రాలిన బాదం ఆకులు ఊడ్పిస్తాడు. ఆ తర్వాత అట్ట మీద కాగితం పెట్టుకుని బొమ్మలు లెక్కపెడతాడు.

మొత్తం పదకొండు. అన్నీ కాల్చిన మట్టివే. ప్రదర్శనకి ఆరడుగులకి తక్కువైనవి వద్దని ముందే చెప్పారు కాబట్టి అన్నీ పెద్దవే. గన్నేరు చెట్ల దగ్గర గుర్రం, ఉయ్యాలల పక్కన తొమ్మిదడుగుల తాబేలు, అలా వరసగా చూసుకుంటూ ఏడో నంబరు దగ్గర ఆగుతాడు. అక్కడొక ముసలమ్మ బాసింపట్టు వేసుకుని, కుడిచెయ్యి చెవి వెనక పెట్టుకుని, ఎవరో ఏదో చెప్తుంటే వినబడనట్టు ముందుకి వంగి కూర్చుని ఉంటుంది. గణపతిరావు వేళ్ళ కణుపులతో ఆవిడ మోకాలి మీద టకటకమని కొడతాడు.

"ఏటి?" అంటుంది బొమ్మ.

"ఏం లేదమ్మా, తనిఖీ," అని టిక్కు పెట్టుకుని ఎనిమిదో నంబరుకి వెళ్ళిపోతాడు.

బొమ్మ ఆడమనిషిది, గొంతు మాత్రం మగవాడిది. బొంగురుగా, కాస్త విసుగ్గా ఉంటుంది. గేటు లోపల తట్టలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే సుభద్రమ్మ మొదటిరోజే తేల్చేసింది. "రేతిరి మంచులో కూకుంటాది కదేటి, జలుబు సేసీసినాది పాపం." పదిమందీ అదే అనుకున్నారు. జలుబు తగ్గడానికి ఎవరో బొమ్మ మెడకి మఫ్లరు కూడా చుట్టారు.

ఆ బొమ్మ చేసినది హేమ. ఇరవై మూడేళ్ళ పిల్ల. చీపురుపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఇల్లు. వాళ్ళది కుండలు చేసే కుటుంబం. తండ్రి సూరయ్య వయసులో ఉండగా కుండలతో పాటు నూతి ఒరలు కూడా చేసేవాడు. నుయ్యి గోడ కూలిపోకుండా ఒకదాని మీద ఒకటి దించే పెద్ద మట్టి గుండ్రాలు అవి. బోర్లు వచ్చాక ఒరలు అడిగేవాళ్ళు లేరు. కానీ ఒరలు కాల్చిన పెద్ద ఆవం మాత్రం పెరట్లో అలాగే ఉండిపోయింది.

ఆ ఆవం చూశాకే హేమకి ఆలోచన వచ్చింది. నూతిలోకి దిగే ఒరలు పైకి ఎందుకు లేవకూడదు? ఏడు ఒరలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే పదడుగుల మనిషి. చెరువుమట్టి మూడు పాళ్ళు, పాత పెంకుల పొడి ఒక పాలు కలిపింది. తడిమట్టిలో బొమ్మ సరిగ్గా నూటఇరవై అంగుళాలు. నూటికి ఎనిమిది చొప్పున ఆరినప్పుడు తగ్గుతుంది, మిగిలినదాంట్లో నూటికి నాలుగు చొప్పున కాలినప్పుడు తగ్గుతుంది. చివరికి నూటఆరు మిగులుతుందని ముందే గోడమీద బొగ్గుతో రాసి పెట్టింది. నూటఆరే మిగిలింది. మిగతా పద్నాలుగు అంగుళాలూ గాలీ నిప్పూ తినేశాయి.

బొమ్మకి నమూనా హేమ మామ్మ లక్ష్మణమ్మ. సూరయ్యకి తల్లి. ఎనభై ఒకటో ఏడు. పదేళ్ళుగా చెవులు వినబడవు. ఎవరేం చెప్పినా చెవి వెనక చెయ్యి పెట్టి "ఏటి?" అంటుంది. కాబట్టి బొమ్మ ఏటీ అనడంలో వింతేముందని చూసినవాళ్ళు సరిపెట్టుకున్నారు. మామ్మలా కూర్చుంది, మామ్మలా అంటోంది. గొంతు సంగతి జలుబు ఖాతాలో వేసేశారు.

సరిపెట్టుకోనివాడు సూరయ్య ఒక్కడే.

కుండ కొనేవాళ్ళు కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది. బొద్దుగా శబ్దం వస్తే ఎక్కడో లోపం ఉన్నట్టు. సూరయ్య యాభై ఏళ్ళలో మోగని కుండ ఒక్కటి కూడా గుమ్మం దాటించలేదు. కొనేవాడు చూడకముందే తనే కొట్టి చూసి, మోగకపోతే అక్కడికక్కడే పగలగొట్టేవాడు. హేమ ఒరలు ఆవంలోంచి ఒక్కొక్కటీ బయటికి వచ్చినప్పుడు కూడా అలాగే కొట్టాడు. మొదటి మూడూ ఖంగుమన్నాయి. నాలుగోది, బొమ్మకి పొట్ట అయ్యే ఒర, కొట్టగానే "ఏటి?" అంది.

సూరయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి కొట్టలేదు. భుజం మీద తువ్వాలు దులుపుకుని ఇంట్లోకి పోయాడు.

"ఏటి నాన్నా, అలగ ఎలిపోతన్నావు? బీట కూడా నేదు, సూడు," అంది హేమ వెనకాలే వెళ్ళి.

"మోగనేదు."

"మాటాడతంది కదా!"

"కుండన్నాక మోగాల. మాటాడ్డానికి మనుసులం మనం ఉన్నాం కదా," అన్నాడు. ఇంకో మాట అడగబోతే పెరటి తలుపు వేసేశాడు.

వాళ్ళ ఇళ్ళలో అలాంటివి జరగనివి కావు. లక్ష్మణమ్మ కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఇంట్లో ఒక కాగు తుమ్మేది. ఆవం ఊదుతుండగా ఆవిడ మావగారికి తుమ్మొస్తే బలవంతాన ఆపుకున్నాడట, అది కాగులోకి పోయింది. "పదేళ్ళు బియ్యం పోసుకున్నాం అందులో," అని చెప్పేది లక్ష్మణమ్మ. "తుమ్మినప్పుడల్లా ఓ నిమిషం కూకుని, మంచినీళ్ళు తాగి ఎల్లీవోళ్ళం బయిటికి. నిప్పు దగ్గర ఏదీ మింగకూడదే గుంటా. తుమ్ము గానీ, మాట గానీ." హేమ నవ్వేసేది.

నాలుగో ఒర మళ్ళీ చెయ్యడానికి రోజులు లేవు. ఆరడానికే పందొమ్మిది రోజులు పడుతుంది, ప్రదర్శనకి పన్నెండే మిగిలాయి. హేమ ఆ ఒర మీద నూటఅరవై కిలోల ఇటుకలు పేర్చి మూడు రోజులు ఉంచింది. దాని మీద కూర్చోబోయే మూడు ఒరల బరువు నూటపన్నెండు. ఒర చెక్కు చెదరలేదు. మిగతావి కాల్చి, అన్నీ లారీ ఎక్కించి, పార్కులో లోపల ఇనుప కడ్డీ నిలబెట్టి, ఒరకీ ఒరకీ మధ్య సున్నం పెట్టి నిలిపింది. సూరయ్య లారీ వెనక డోరు వెయ్యడానికి సాయం పట్టాడు గానీ పార్కుకి రాలేదు.

ప్రదర్శన నలభై రోజులు. ఆ తర్వాత పదింటినీ ఎవరివి వాళ్ళు తీసుకుపోవాలి. పెద్దాఫీసు వాళ్ళు ఎంచుకున్న ఒక్క బొమ్మ మాత్రం పార్కులోనే పక్కా దిమ్మె మీద ఉండిపోతుంది. అది చేసినవాళ్ళకి మూలనున్న పాత పంపుగది ఇస్తారు. అందులో చక్రం పెట్టుకోవచ్చు, ఆవం కట్టుకోవచ్చు, బడిపిల్లలకి మట్టిపని నేర్పాలి. హేమకి కావలసింది ఆ గది. ఎందుకంటే విశాఖలో ఒక టైల్స్ షోరూంలో బిల్లింగు కౌంటరు ఉద్యోగం ఆమె కోసం ఎదురుచూస్తోంది. ఫోన్లోనే పరీక్ష పెట్టి, పద్దెనిమిది లెక్కలు పదకొండు నిమిషాల్లో చేసేసిందని వెంటనే తీసుకున్నారు. ఒకటో తారీకున చేరాలి. ప్రదర్శన ఇరవై ఎనిమిదిన ముగుస్తుంది. గది వస్తే మట్టి. రాకపోతే మట్టిని ఎవరో మిషన్లో నొక్కి చేసిన పలకలకి బిల్లులు.

హేమ ప్రతి ఆదివారం చీపురుపల్లిలో పాసింజరు ఎక్కి, ఆమదాలవలసలో దిగి, ఆటోలో పార్కుకి వచ్చేది. సుభద్రమ్మ పక్కన కూర్చుని ఏ బొమ్మ దగ్గర ఎంతమంది ఆగుతున్నారో గీతలు పెట్టుకునేది. తాబేలు దగ్గర గంటకి నలభై మంది ఆగి ఫొటో తీసుకుని పోతారు. ముసలమ్మ దగ్గర ఆగేది ఇరవై ఆరుగురే. కానీ తాబేలు దగ్గర మనిషికి అరనిమిషం, ముసలమ్మ దగ్గర ఏడు నిమిషాలు. కొట్టగానే ఏటీ అంటుంది కదా, అన్నాక ఏదో ఒకటి చెప్పకుండా వెళ్ళడం బాగోదు. మొదట అందరూ "ఏం లేదు" అనేవారు. రెండోసారి వచ్చినప్పుడు "ఏం లేదు గానీ..." అని మొదలుపెట్టేవారు. చేపలమ్మే ఆవిడ తట్ట దించి, కొత్త కోడలు పులుసులో చింతపండు ఎక్కువ వేస్తోందని చెప్పుకుని, తేలికపడి లేచిపోయేది. బస్సు కండక్టరొకాయన తన మోకాలి నొప్పి చెప్పి, బొమ్మ మోకాలు నిమిరి వెళ్ళేవాడు.

"నాను గేటు కాడ ఆరేళ్ళనుంచి కూకున్నాను," అంది సుభద్రమ్మ కాయలు కొలుస్తూ. "నన్ను 'ఏటి సుభద్రమ్మా' అని అడిగినోడు నేడు. శేరెంతే అని అడిగీవోళ్ళే. నీ బొమ్మ నయమే."

ముప్పై ఎనిమిదో రోజున గణపతిరావు హేమని పిలిచాడు. "పెద్దాఫీసు వాళ్ళందరికీ నీ బొమ్మే నచ్చింది. కానీ ఏడో నిబంధన చూశావా?"

హేమకి అన్ని నిబంధనలూ నంబర్లతో సహా వచ్చు. ఏడోది చదివినప్పుడు, నాన్న ఉండగా ఇదో లెక్కా అని నవ్వుకుంది కూడా. పిల్లలు తిరిగే చోటు కాబట్టి, ముప్పై ఏళ్ళకి తక్కువ కాకుండా మట్టిపని చేసినవాళ్ళు బొమ్మని పరీక్షించి గట్టిదని రాసి ఇవ్వాలి.

"మీ నాన్నగారు రాస్తే చాలమ్మా. ఈ రెండు జిల్లాల్లో ఆయన మాటకి తిరుగులేదంటున్నారు."

"వేరేవాళ్ళు రాస్తే?"

"అడిగాను. పాతపట్నం వైపు ఇద్దరిని, నౌపడ దగ్గర ఒకాయన్ని. సూరయ్య మోగలేదన్నాక మోగిందని మేమెలా రాస్తామన్నారు. ముగ్గురూ ఒకటే మాట." గణపతిరావు అట్ట వైపు చూస్తూ మొహమాటంగా తల గోక్కున్నాడు. "నేను రోజూ దానితో మాట్లాడతానమ్మా. ఉండిపోతే బాగుండునని నాకూ ఉంది. ఎల్లుండి సాయంత్రం నాలుగింటిలోగా కాగితం ఇవ్వు."

ఆ రాత్రి భోజనాల దగ్గర హేమ కాగితం తండ్రి కంచం పక్కన పెట్టింది. సూరయ్య చదివాడు, మడిచాడు, వెనక్కి ఇచ్చాడు.

"నూటఅరవై కిలోలు మోసింది నాన్నా. నా కళ్ళముందు."

"లెక్క వేరు, మోత వేరు."

"మరి నన్ను విశాఖ ఎల్లమంటావా?"

సూరయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఏటంతన్నాది?" అంది లక్ష్మణమ్మ, చెవి వెనక చెయ్యి పెట్టుకుని. ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఇద్దరి మొహాలూ చూసింది. "నన్ను నాను సూసుకోవాల," అంది. "ఊరంతా సూసొచ్చినారు. నాను పోయినాక సూపిస్తారేటి? ఒరే సూరిగా, నన్ను తీస్కెల్లు."

తల్లి అడిగితే సూరయ్య కాదనలేడు. ఇరవై ఎనిమిదో తారీకు మధ్యాహ్నం ముగ్గురూ పాసింజరు దిగి, ఆటోలో మూడుం పావుకి పార్కుకి వచ్చారు. అప్పటికే తాబేలుని నాలుగు ముక్కలుగా విప్పి గడ్డిలో చుడుతున్నారు. గుర్రం లారీ ఎక్కేసింది. సూరయ్య గేటు దగ్గరే సుభద్రమ్మ తట్ట పక్కన నిలబడిపోయాడు.

"నువ్వేనేటి మోగనేదన్నావు?" అంది సుభద్రమ్మ.

సూరయ్య తల తిప్పుకున్నాడు.

హేమ మామ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. లక్ష్మణమ్మ ఎనిమిదడుగుల పది అంగుళాల తనని కింద నుంచి పైదాకా చూసింది. "ముక్కు బాగా తీసినావు. సెవి దుద్దు ఏదే?" అంది. వేలాడుతున్న మఫ్లరు కొస సర్దింది. తర్వాత అలవాటు కొద్దీ కణుపుతో పొట్టమీద కొట్టింది.

"ఏటి?" అంది బొమ్మ.

లక్ష్మణమ్మకి వినబడదు. అందుకే కుండలు పరీక్షించడానికి ఆవిడ పద్ధతి వేరు. ఒక చేత్తో కొట్టి, రెండో చెయ్యి మట్టికి ఆనించి ఉంచుతుంది. మోత అరచేతిలోకి వస్తుంది. ఇంకోసారి కొట్టింది. అరచెయ్యి నాలుగో ఒరకి నొక్కి పెట్టి, కళ్ళు మూసుకుంది. అరవై ఏళ్ళ కిందట సూరయ్య చంటివాడుగా ఉండగా ఇదే చెయ్యి వాడి వీపుకి ఆనించి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చీకట్లో తెలుసుకునేది.

"ఒరే సూరిగా!" చెవులు వినబడనివాళ్ళ అరుపు అది, పార్కంతా వినబడింది. "ఇలగ రా! ఇది నా గొంతు కాదురా. నీ గొంతు. నీ మాట ఇందల ఏల ఉన్నాది?"

సూరయ్య వచ్చాడు. రాక తప్పలేదు. సుభద్రమ్మ తట్ట వదిలేసి వెనకే వచ్చింది. గణపతిరావు అట్ట పట్టుకుని ఆగాడు.

"నిప్పు దగ్గర ఏటి మింగినావు? సెప్పు!" అంది లక్ష్మణమ్మ.

సూరయ్య తువ్వాలు రెండు చేతులా మెలితిప్పాడు. చెప్పడానికి తల్లి వైపు తిరగలేదు, కూతురి వైపూ తిరగలేదు. బొమ్మ పొట్ట వైపు చూస్తూ చెప్పాడు.

"నాలుగో ఒర కాలతన్న రోజు పొద్దున్నే ఫోనొచ్చినాది. ఇశాపట్నం కొట్టోళ్ళు. మీ అమ్మాయి ఒకటో తారీకున వస్తాది కదా అని అడిగినారు. నాకసలు తెల్దు. ఆనక నాను ఆవం ఊదుతుంటే హేమ ఒచ్చి నిలబడి, 'నాన్నా, నీకో మాట సెప్పాల' అన్నాది." తువ్వాలు ఇంకో మెలిక తిప్పాడు. "నాకు తెలుసు అదేటి మాటో. ఏటీ అంటే సెప్పీస్తాది. సెప్పీస్తే ఎలిపోతాది. ఏటీ అని నోటిదాకా ఒచ్చినాది. మింగీసినాను. ఊక తేవాల అని సెప్పి లెగిసెలిపోయినాను."

లక్ష్మణమ్మకి ఒక్క ముక్క వినబడలేదు. కానీ అరచెయ్యి ఇంకా బొమ్మ మీదే ఉంది. చేతికింద మట్టి గోరువెచ్చనైందని మాత్రం తెలిసింది.

"ఆలీసమైనాది," అన్నాడు సూరయ్య. ఇప్పుడు కూతురి వైపు తిరిగాడు. ఆ మాట ఎంత చిన్నదో అంత కష్టమైంది. "ఆ రోజు ఏదో సెప్పబోయినావు కదమ్మా. ఏటి?"

హేమ ఆ మాటని వేళ్ళమీద కూడబలుక్కుంది. లెక్కలైతే పదకొండు నిమిషాల్లో పద్దెనిమిది చేసే పిల్ల.

"విశాఖ ఎల్లను అని," అంది చివరికి. "ఉద్యోగం వచ్చింది నాన్నా, గానీ ఎల్లను, ఒరలు నేర్పించు అని అడుగుదామనుకున్నాను. మూడడుగుల వెడల్పు ఒర సరిగ్గా చెయ్యడం నీకొక్కడికే వచ్చు. నాలుగోది నేను చేసినప్పుడు అంచు వాలిపోయింది. అది అడుగుదామని వచ్చాను. నువ్వు ఊక తేవాలన్నావు."

"అంచు ఏల వాలతాదంటే," అన్నాడు సూరయ్య వెంటనే, "లోపల తడిగుడ్డ కట్టాల. నువ్వు బయట కడతన్నావు." అని ఆగిపోయాడు. రెండు నెలలు అతను భయపడిన మాటలో ఉన్నది తడిగుడ్డ.

"ఓరి నాయనా," అంది సుభద్రమ్మ. "ఒక్క ఏటీకి ఇంత కతేటి!"

సూరయ్య కుడిచెయ్యి ఎత్తాడు. కణుపుతో బొమ్మ పొట్టమీద కొట్టాడు. గుడిగంటకీ, కొత్తకుండకీ మధ్యలో ఉండే మోత ఒకటి నాలుగో ఒరలో మొదలై, కిందికి మూడు ఒరలూ పైకి మూడు ఒరలూ పాకి, చెవి వెనక పెట్టుకున్న చేతివేళ్ళ దగ్గర సన్నగా తేలింది. ఖంగ్. మఫ్లరు జారి కింద పడింది. గడ్డిలో తాబేలుని చుడుతున్నవాళ్ళు తలెత్తి చూశారు.

లక్ష్మణమ్మ అరచెయ్యి తీసి చూసుకుంది. "ఆఁ. కాలింది," అంది.

టైము మూడూ నలభై ఏడు. గణపతిరావు జేబులో పెన్ను తీసి ఇచ్చాడు. సూరయ్య కాగితాన్ని బొమ్మ మోకాలి మీదే పెట్టి రాశాడు. "ఇది మోగినది. సూరయ్య."

మర్నాడు పొద్దున్న గణపతిరావు లెక్కపెట్టడానికి ఒకటే బొమ్మ మిగిలింది. అయినా అట్ట పట్టుకునే వచ్చాడు. మోకాలి మీద టకటకమని కొట్టాడు. ఖంగుమంది. ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ ఖంగుమంది. టిక్కు పెట్టుకున్నాడు గానీ, కాళ్ళు కదల్లేదు.

తట్ట దించుకుంటున్న సుభద్రమ్మ అటు చూసింది. కాసేపు చూసి, చేతులు కొంగుకి తుడుచుకుని దగ్గరికి వచ్చింది.

"ఏటి బాబూ?" అంది.

"ఏం లేదు సుభద్రమ్మా," అన్నాడు గణపతిరావు. "ఏం లేదు గానీ..."

పంపుగదిలో కొత్త ఆవం కట్టడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. మొదటిసారి నిప్పు పెట్టే రోజున లోపల నలభై ఒక్క కుండలూ, తడిగుడ్డ లోపలివైపు కట్టి చేసిన మూడడుగుల ఒర ఒకటీ ఉన్నాయి. చుట్టూ బడిపిల్లలు, సుభద్రమ్మ, గణపతిరావు, తలకి గుడ్డ కట్టుకున్న హేమ. లక్ష్మణమ్మకి కుర్చీ వేశారు. సూరయ్య అగ్గిపెట్టె తీశాడు, తీసి ఆగాడు.

"ఆగండి," అన్నాడు. "నిప్పెట్టకముందే సెప్తన్నాను. ఎవులికైనా ఏటైనా సెప్పాలుంటే ఇప్పుడే సెప్పీయండి. ఆనక మింగితే నాను పూచీ కాదు."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

కుర్చీలోంచి లక్ష్మణమ్మ ముందుకి వంగింది. కుడిచెయ్యి చెవి వెనక పెట్టుకుంది.

"ఏటి?" అంది.

సూరయ్య అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని తల్లి దగ్గరికి నడిచాడు. వంగి, చెవిలో, ఆ రోజు ఫోనొచ్చిన దగ్గర్నుంచీ మళ్ళీ చెప్పాడు.